మొదలు పగిలిన చెట్టుకు పూచీ ఎవరిది?

ఆకు ముడుచుకుంటే చీనీ రైతుకు చిరాకు, కాయ రాలితే బాధ, మాను మొదట్లో బెరడు పగిలితే మాత్రం భయం. ఆకు మళ్లీ వస్తుంది. కాయ వచ్చే కాపుకైనా వస్తుంది. బెరడు నిలువునా చీలి, మాను చుట్టూ ఊడిపోతే ఆ చెట్టు ఇక మనది కాదు. ఆరు మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు పట్టేవి సుమారు 110 చెట్లు. నాటిన నాలుగైదేళ్లకు గానీ కాపు మొదలు కాదు. అందులో పది చెట్లు పోయాయంటే ఆ నాలుగైదేళ్ల పెంపకమూ పోయినట్టే, ముందు రావలసిన పదిహేనిరవై ఏళ్ల కాపూ పోయినట్టే. సందులో మళ్లీ మొక్క నాటినా పక్క చెట్ల నీడలో, అదే జబ్బు మట్టిలో అది ఎదిగేది అంతంతే.

అనంతపురం, కడప జిల్లాల్లో చీనీ అన్నా, నల్గొండ వైపు బత్తాయి అన్నా చెట్టు ఒకటే, కష్టమూ ఒకటే. పగిలిన బెరడు ముక్క తీసుకుని మందుల దుకాణానికి వెళితే మూడు డబ్బాలు చేతికొస్తాయి. ఒకటి శిలీంధ్రానికి, ఒకటి పురుగుకు, మూడోది 'సూక్ష్మపోషకాలకు'. మూడింట్లో ఏది పనిచేస్తుందని అడిగితే మూడూ కలిపి కొట్టమంటారు. తోట చూడడానికి ఎప్పుడో ఒకసారి వచ్చే అధికారి నోట తరచుగా వినిపించే మాట 'నిర్వహణ లోపం'. బీమా గురించి అడిగితే చెట్టుకు బీమా లేదు, పంటకే ఉంది అంటారు.

ఈ మూడు జవాబులూ మనకు సమ్మతం కాదు. బెరడు పగలడం ఒక తెగులు పేరు కాదు. జ్వరం లాంటిది అది. ఎండ వల్ల రావచ్చు, నీటి వల్ల రావచ్చు, మట్టిలోని శిలీంధ్రం వల్ల రావచ్చు, నర్సరీలో అంటు కట్టిన నాడే మొక్కతో పాటు వచ్చి ఉండొచ్చు. వీటిలో కొన్ని రైతు చేతిలో ఉన్నవి. కొన్ని అసలు రైతు చేతిలో లేవు. రెండింటినీ కలిపేసి రైతు నెత్తిన పెట్టడం మీదే మన అభ్యంతరం. అందుకే ముందు ఏ పగులు దేనివల్ల వస్తుందో కాస్త వివరంగా చూద్దాం.

అన్ని పగుళ్లూ జబ్బు కావు

బెరడుకూ కలపకూ నడుమ పలుచని జీవపొర ఒకటి ఉంటుంది. శాస్త్రంలో దాన్ని కేంబియం అంటారు. ఏటేటా అది లోపలివైపు కలపను, బయటివైపు కొత్త బెరడును పోస్తూ ఉంటుంది. మాను లావెక్కుతుంటే బయట ఉన్న పాత బెరడు సాగలేదు, అది చచ్చిన పొర. కాబట్టి చీలుతుంది. ముసలి మామిడి, చింత, వేప మాను మీద కనిపించే గరుకు గీతలన్నీ ఇలా వచ్చినవే. జామ బెరడు పెచ్చులుగా రాలడం, తెల్లమద్ది మాను పొలుసులు విడవడం కూడా అంతే. ఆ పగుళ్లలోకి వేలుపెట్టి చూస్తే అడుగున పొడిగా, గట్టిగా ఉంటుంది. బంక ఉండదు, వాసన ఉండదు. వాటికి ఏ మందూ అక్కర్లేదు.

భయపడవలసింది లోపలి బెరడు దాకా చీలినప్పుడు. ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకు దిగేది ఆ లోపలి బెరడు గుండానే. నీళ్లు పైకి ఎక్కేది మాత్రం కలప గుండా. అందువల్ల బెరడు చుట్టూ కుళ్లినా కొన్నాళ్లు చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. కిందికి దిగలేని ఆహారం పైనే నిలిచిపోయి, ఆ ఏడు విపరీతంగా పూత పూసి విరగకాస్తుంది కూడా. 'పోయే ముందు విరగకాసింది' అని పెద్దలు అంటుంటారే, దాని వెనక ఉన్న సంగతి ఇదే. ఆ కాపు చూసి మురిసిపోయే లోపు కింద వేర్లు ఆకలితో చచ్చిపోతుంటాయి.

ఎండ దెబ్బ, నీటి దెబ్బ

మానుకు ఒకవైపు మాత్రమే, అదీ పడమర లేదా నైరుతి వైపు, నేలకు జానెడో మూరెడో ఎత్తులో బెరడు ఎండి పగిలిందంటే ముందు ఎండనే అనుమానించాలి. నీడలో పెరిగిన బెరడు మీద ఒక్కసారిగా మే నెల మధ్యాహ్నపు ఎండ పడితే ఆ వైపు కణాలు ఉడికిపోతాయి. కొన్ని వారాలకు అక్కడ బెరడు కుంగి, రంగు మారి, నిలువుగా చీలుతుంది. కొమ్మలు బాగా నరికిన చెట్లకు, పాత మామిడికి తల కొట్టి పైఅంటు కట్టినప్పుడు, నీరు చాలక ఆకు రాల్చిన తోటలకు ఇది ఎక్కువ. విదేశీ పుస్తకాల్లో చెట్టు పగుళ్ల గురించి చదివితే మంచు గురించి ఎక్కువ రాస్తారు. అక్కడ చలికాలపు రాత్రి గడ్డకట్టి మాను పేలుతుంది. మనకు ఆ బాధ లేదు. మనకున్నదల్లా ఎండ. మానుకు సున్నం కొట్టడం అక్కడా ఇక్కడా ఒకటే మందు. తెల్లని పూత ఎండను తిప్పికొడుతుంది. రోడ్ల పక్క చెట్లకు పంచాయతీ వాళ్లు అందం కోసం కొడతారనుకుంటాం గానీ, వేసవికి ముందు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా సున్నం పూయడం లేత తోటకు పెట్టే కవచం.

నీటి దెబ్బ ఇంతకంటే చిక్కు. ప్రతి చెట్టు మానూ పగటి పూట కొద్దిగా సన్నబడుతుంది, రాత్రి నీరు తాగి మళ్లీ లావెక్కుతుంది. కంటికి కనిపించదు గానీ పరికరం పెట్టి కొలిస్తే తెలుస్తుంది. నీరు సమంగా అందుతుంటే ఈ సాగుడు, ముడుచుడు బెరడుకు ఒక లెక్క కాదు. చాలా రోజులు ఎండగట్టి ఒక్కసారిగా నీరు ముంచేస్తే మాత్రం లోపల కణాలు ఉబ్బుతాయి, ఎండి బిగుసుకున్న బెరడు సాగలేక చిట్లుతుంది. చీనీలో పూత కోసం తోటను బెట్టకు వదలడం మనకు అలవాటే, అవసరమే. కానీ తేలిక ఎర్రనేలలో తక్కువ రోజులు, నల్లరేగడిలో ఎక్కువ రోజులు అన్న తేడా పాటించాలి. ఆకు వాడి కాస్త ముడుచుకుంటే చాలు, సగానికి పైగా రాలేదాకా ఆగకూడదు. బెట్ట విడిచేటప్పుడు మొదటి తడి పలచగా ఇచ్చి, తర్వాత తడుల్లో పెంచుకుంటూ పోవాలి.

ఇదంతా చెప్పడం తేలిక. బోరులో నీరు ఉన్నన్ని రోజులు ఉండి, తర్వాత అడుగంటితే ఏ రైతు సమంగా తడి ఇవ్వగలడు? కరవు ఏడాదుల్లో ట్యాంకర్లతో నీళ్లు కొని చీనీ చెట్లకు పోసిన జిల్లా మనది. నల్గొండలో బోర్లు ఎండి బత్తాయి తోటలు కొట్టేసుకున్న ఊళ్లున్నాయి. ట్యాంకరు నీటితో ప్రాణం నిలబెట్టిన తోటకు ఆ తర్వాత జూన్‌లో కుంభవృష్టి పడితే బెరళ్లు చిట్లుతాయి. దాన్ని 'నిర్వహణ లోపం' అని రాసేవారికి మనం ఒకటే చెప్పాలి. కాలువ నీరు, చెరువు నింపడం, బోరుకు వేళకు కరెంటు, డ్రిప్పుకు సబ్సిడీ వేళకు రావడం, ఇవి కూడా నిర్వహణలో భాగమే. ఆ నిర్వహణ ఎవరిదో వాళ్లకు తెలుసు.

బంక తెగులు

ఇక చీనీకి అసలు శత్రువు. నేలకు ఆనుకుని ఉన్న చోట బెరడు తడిసినట్టు నల్లబడి, గోధుమ రంగు బంక బొట్లు బొట్లుగా కారి, ఆ చోటు క్రమంగా ఎండి, చీలి, పెచ్చులుగా ఊడితే అది ఫైటోఫ్తోరా వల్ల వచ్చే బంక తెగులు. పైన ఆకుల్లో ముందుగా ఈనెల వెంట పసుపు కనబడుతుంది. రైతు ఎరువు తక్కువైందని యూరియా వేస్తాడు. కింద మొదలు కుళ్లిపోతూనే ఉంటుంది.

దీని స్వభావం ఒక్కటి తెలిస్తే సగం పని అయినట్టే. ఈ బూజు విత్తులు నీటిలో ఈదుతాయి. తడి మట్టిలో నుంచి ఈదుకుంటూ వచ్చి బెరడుకు తగులుకుంటాయి. కాబట్టి మాను మొదలును తాకేలా నీరు నిలిచే పాదు దీనికి స్వర్గం. పైగా మనం పైన అంటు కట్టే సాత్గుడి బెరడు దీనికి తేలిగ్గా లొంగుతుంది. కింది వేరుమూలం కాస్త తట్టుకుంటుంది. అందుకే అంటు కట్టిన చోటు నేలకు కనీసం జానెడు ఎత్తులో ఉండాలంటారు. తోటలు చూస్తే ఏముంటుంది? నాటినప్పుడు లోతుగా దింపడం, ఆ తర్వాత ఏటా దున్ని మట్టి ఎగదోయడం, పశువుల ఎరువు మొదలుకే కుప్ప పోయడం, ఇలా అయిదారేళ్లకు అంటు చోటు మట్టిలో కప్పబడిపోతుంది. సాత్గుడి బెరడు తడి మట్టిలో నానుతుంది. అక్కడికి ఫైటోఫ్తోరా రాకపోతేనే ఆశ్చర్యం.

దీనికి పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. చెట్టు మొదట్లో మట్టి తీసి అంటు చోటు బయటపెట్టండి. వేర్లు తెగకుండా చేత్తోనో చిన్న కొడవలితోనో తీయాలి, పారతో కాదు. మొదలుకు చుట్టూ అడుగున్నర దూరంలో ఒక గట్టు, దానికి బయట చెట్టు గొడుగు అంచు దాకా ఇంకో గట్టు వేసి, రెండు గట్ల నడుమ మాత్రమే నీరు పారించండి. దీన్నే రెండు వలయాల పాదు అంటారు. డ్రిప్పు ఉంటే డ్రిప్పర్లు మానుకు దూరం జరపండి. పీల్చే వేర్లు ఉండేది గొడుగు అంచు కింద, మాను దగ్గర కాదు.

కుళ్లిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యంగా ఉన్న బెరడు తగిలేదాకా గీకేయాలి. గీకిన పెచ్చులు తోటలో వదలకుండా తీసుకుపోయి కాల్చాలి. ఆ గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీటిలో, కిలో పొడి సున్నం ఇంకో అయిదు లీటర్లలో వేర్వేరుగా కలిపి, రెండింటినీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో పోసి కలిపితే పేస్టు తయారు. ఇనుప డబ్బాలో కలపకూడదు. పేస్టులో శుభ్రమైన ఇనుప కత్తి కొద్దిసేపు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పడిందంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. కలిపిన రోజే వాడాలి. వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి, నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా పూస్తే చాలా తోటలు నిలబడతాయి. ముదిరిన చోట మెటలాక్సిల్ కలిసిన మందు మొదట్లో పోయమని శాస్త్రవేత్తలు చెబుతారు. దాన్ని మనం కాదనం. కానీ మట్టి తీయకుండా, నీటి దారి మార్చకుండా పోసిన మందు నీళ్లలో పోసిన డబ్బే.

బోర్డో పేరు చెప్పాం కాబట్టి ఒక మాట. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్ష రైతులు రోడ్డు పక్క తీగల పండ్లు దారిన పోయేవాళ్లు కోసుకోకుండా ఉండాలని తుత్తం, సున్నం కలిపి చల్లేవారు, చూస్తే విషంలా కనబడాలని. ఆ తీగలకే తెగులు రాలేదని మిల్లార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి 1885లో లోకానికి చెప్పాడు. నూట నలభై ఏళ్లు దాటినా ఇంకా పనిచేస్తోంది. రైతు ఇంటి దగ్గరే కలుపుకోగల మందు కావడంతో దీన్ని అమ్ముకోవడంలో ఏ కంపెనీకీ పెద్ద లాభం లేదు. దుకాణంలో దీని పేరు మనం అడిగితే తప్ప వినపడకపోవడానికి కారణం అదే అని మా అభిప్రాయం.

మొక్కతో పాటు వచ్చిన పగులు

ఇక్కడి దాకా చెప్పినవి చాలామందికి ఎంతో కొంత తెలిసినవే. అసలు పోట్లాడవలసిన విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

కొన్ని తోటల్లో మట్టి తీసి చూస్తే సాత్గుడి భాగం నున్నగా, బాగానే ఉంటుంది. పగుళ్లన్నీ అంటు చోటుకు కింద, వేరుమూలం మీదే ఉంటాయి. బెరడు నిలువుగా చీలి, సన్నని పట్టీలుగా, పొలుసులుగా లేస్తుంది. బంక ఉంటే కొద్దిగా ఉంటుంది, లేకపోతే లేదు. చెట్టు చావదు. కానీ పక్క చెట్టు తల ఎత్తుకు ఎదిగితే ఇది నడుము దగ్గరే ఆగిపోతుంది. కాయ తగ్గుతుంది. ఈ లక్షణాలు నాటిన నాలుగేళ్లకో ఆ తర్వాతో గానీ బయటపడవు. ఎక్సోకార్టిస్ అనే జబ్బుది ఈ పని. వైరస్ కంటే కూడా చిన్నదైన వైరాయిడ్ దీనికి కారణం.

ఇది గాలికి రాదు, పురుగులు మోసుకురావు. రెండే దారులు. ఒకటి, జబ్బున్న తల్లిచెట్టు నుంచి తెచ్చిన మొగ్గ. రెండు, ఆ మొగ్గను కోసిన కత్తి. తల్లిచెట్టు సాత్గుడి అయితే పైకి ఏ లక్షణమూ చూపదు. చూడ్డానికి పచ్చగా, కాపుతో కళకళలాడుతుంటుంది. నర్సరీవాడు ఆ చెట్టు నుంచే మొగ్గ పుల్లలు కోస్తాడు. ఆ కత్తితోనే వంద మొక్కలకు అంటు కడతాడు. కత్తిని నీళ్లతో కడిగితే వైరాయిడ్ పోదు, బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. ఒకసారి చెట్టులోకి చేరాక దీనికి మందు లేదు. ఏ డబ్బా కొన్నా డబ్బు దండగే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఒకప్పుడు చీనీని ఎక్కువగా జంబేరి వేరుమూలం మీద కట్టేవారు. బెట్టను తట్టుకుంటుందనీ, మన నేలలకు బాగుంటుందనీ సాత్గుడికి రంగపూర్ నిమ్మ వేరుమూలం వాడమని మన ఉద్యాన శాస్త్రవేత్తలు సిఫార్సు చేశారు. సిఫార్సు మంచిదే. మేమూ అదే చెబుతాం. కానీ ఈ ఎక్సోకార్టిస్ బెరడు పగిలేలా దెబ్బతీసే వేరుమూలాల్లో రంగపూర్ నిమ్మ ఒకటి. అంటే వేరుమూలం మార్చమన్నప్పుడు దానితో పాటు శుభ్రమైన, పరీక్షించిన మొగ్గ కూడా రైతుకు అందాలి. సగం సలహా మనకు చేరింది. మిగతా సగం నర్సరీ గేటు దగ్గరే ఆగిపోయింది.

చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా నర్సరీ నడపకూడదు. అయినా లారీలో వచ్చి ఊరి సెంటరులో అమ్మే అంటు మొక్కలకు ఈనాటికీ బిల్లు ఉండదు. బిల్లు ఉన్నా దాని మీద 'చీనీ మొక్కలు ఇన్ని' అని తప్ప వేరుమూలం ఏది, తల్లిచెట్టు ఏది అని ఉండదు. విత్తనం మొలవకపోతే పదిహేను రోజుల్లో తెలుస్తుంది, కంపెనీని నిలదీస్తాం. మొక్క మోసం నాలుగేళ్లకు తెలుస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో, పేరు మార్చుకున్నాడో ఎవరికి తెలుసు? ఆ నాలుగేళ్ల తర్వాత వచ్చి 'నిర్వహణ లోపం' అని రాసేవారికి ఈ సంగతి తెలియదని అనుకోలేం.

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో 1,765 కోట్ల పైచిలుకు రూపాయలతో శుభ్రమైన మొక్కల పథకం ఒకటి ఆమోదించింది. వైరస్‌లు లేని నాటు సరుకు రైతుకు అందించడానికి దేశంలో తొమ్మిది కేంద్రాలు పెడతామన్నారు. నిమ్మజాతి బాధ్యత పెట్టినవాటిలో నాగపూర్ ఒకటి. సంతోషమే. కానీ నాగపూర్‌లో తయారయ్యే శుభ్రమైన సరుకులో నాగపూర్ కమలాతో పాటు మన సాత్గుడికీ వాటా ఉండాలి కదా. తిరుపతిలో నిమ్మ పరిశోధన స్థానం ఉంది. పరీక్షించిన సాత్గుడి తల్లిచెట్ల తోట అక్కడ వలల గదుల్లో పెంచి, మొగ్గ పుల్లలను రిజిస్ట్రేషన్ ఉన్న నర్సరీలకు మాత్రమే లెక్క కట్టి ఇవ్వడం అసాధ్యమైన పనేం కాదు. తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం నల్గొండ రైతుకు అదే చేయాలి. ఇది మన మొదటి డిమాండు.

మిగతా కారణాలు రెండు మాటల్లో చెప్పుకుందాం. కలుపు మందు గ్లైఫోసేట్ లేత మొక్క పచ్చి బెరడు మీద పడితే అక్కడ బెరడు చీలి బంక కారే ప్రమాదముంది. లేత తోటలో మొదలు చుట్టూ కలుపు చేత్తోనే తీయాలి. రోటవేటరు బ్లేడు తగిలిన గాయం, ఊతకర్రకు కట్టి మరిచిపోయిన ప్లాస్టిక్ తాడు కోసుకుపోయిన గాయం కూడా తెగుళ్లకు తలుపు తెరుస్తాయి. మామిడి మాను మీద రంపపు పొట్టు, సాలెగూడు లాంటి గుల్ల కనబడితే అది పురుగు పని. గుల్ల తుడిచి రంధ్రంలో ఇనుప చువ్వ పెట్టి పొడిచి, కిరోసిన్‌లో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి. బోరాన్ లోపమని దుకాణంలో చెప్పి బోరాక్స్ అంటగడితే మాత్రం మట్టి పరీక్ష, ఆకు పరీక్ష లేకుండా వేయకండి. నిమ్మజాతి చెట్లు బోరాన్ ఎక్కువైతే అసలు తట్టుకోలేవు.

కొబ్బరికి ఉన్నది చీనీకి ఎందుకు లేదు?

కోనసీమ కొబ్బరి రైతుకు కూడా మాను పగుళ్ల బాధ ఉంది. కొబ్బరికి చీనీకి ఉన్నట్టు కేంబియం ఉండదు, పగిలిన చోటు ఎప్పటికీ పూడదు. నిలువు పగుళ్లలోంచి ఎర్రగోధుమ రంగు రసం కారే తెగులు అక్కడ తెలిసిందే. ఆ తెగులు గురించి ఇంకోసారి రాస్తాం. ఇప్పుడు కొబ్బరిని తలచుకోవడం వేరే పని మీద.

కొబ్బరి అభివృద్ధి బోర్డు 2009 నుంచి కొబ్బరి చెట్టుకు బీమా నడుపుతోంది. పంటకు కాదు, చెట్టుకు. నాలుగు నుంచి పదిహేనేళ్ల చెట్టుకు 900 రూపాయలు, పదహారేళ్లు దాటిన చెట్టుకు 1,750 రూపాయలు బీమా మొత్తం. ప్రీమియం ఏడాదికి చెట్టుకు 9 రూపాయలు, 14 రూపాయలు. అందులో సగం బోర్డు, పావు వంతు రాష్ట్రం కడితే రైతు కట్టేది మిగతా పావు. అంటే పెద్ద చెట్టుకు మూడున్నర రూపాయలు. తుఫాను, వరద, కరవుతో పాటు విస్తృతంగా వచ్చి చెట్టును పనికిరాకుండా చేసే తెగుళ్లు కూడా ఇందులోకి వస్తాయి. కాసే కొబ్బరి చెట్టు విలువ 1,750 అంటే హాస్యమే. ఆ పోట్లాట కోనసీమ రైతులది, వాళ్లకు మన మద్దతు ఉంటుంది. కానీ ఒక చెట్టు చనిపోతే ఆ చెట్టుకే లెక్క కట్టి ఇవ్వొచ్చు అన్న సూత్రాన్ని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా. అదే సూత్రం చీనీకి, మామిడికి ఎందుకు వర్తించదు?

మన చీనీకి ఉన్నది వాతావరణ ఆధారిత బీమా. వానమాపకం, ఉష్ణోగ్రత లెక్క చూసి డబ్బు ఇస్తారు. దానికి చెట్టు కనబడదు. మొదలు కుళ్లి చెట్టు పడిపోయినా స్టేషన్‌లో లెక్క మామూలుగా ఉంటే రూపాయి రాదు. వైపరీత్యం ప్రకటించిన ఏడాది కేంద్ర నిబంధనల ప్రకారం తోట పంటలకు ఇచ్చేది హెక్టారుకు 22,500 రూపాయలు. అదీ 33 శాతానికి మించి నష్టం జరిగితేనే, రెండు హెక్టార్ల దాకానే. హెక్టారుకు 277 చెట్లు. భాగించి చూడండి, చెట్టుకు 81 రూపాయలు. మంచి అంటు మొక్క ధర, గుంత తీసిన కూలి, ఎరువు, అయిదేళ్ల నీళ్లు ఇందులో ఎక్కడ సరిపోతాయో లెక్క వేసిన వాళ్లే చెప్పాలి.

బీమా ఇస్తే రైతులు చెట్లు తామే చంపుకుంటారని ఒక అధికారి వాదించగా విన్నాం. పదేళ్లు బిడ్డలా పెంచిన చెట్టును వెయ్యి రెండు వేల కోసం నరుక్కునే రైతు ఎక్కడున్నాడో మాకు తెలియదు. నిజంగా ఆ భయం ఉంటే కొబ్బరికి పెట్టిన తనిఖీలే చీనీకీ పెట్టండి. అంటు చోటు నేలపైన ఉందా, మొదట్లో నీరు నిలవడం లేదా అని ఏడాదికోసారి వచ్చి చూసి రాసుకోండి. ఆ షరతు పాటించిన తోటకే బీమా ఇవ్వండి. మేము ఒప్పుకుంటాం. అలా చేస్తే అధికారి ఏడాదికి ఒకసారైనా తోటలో కాలు పెడతాడు, బంక తెగులూ సగం తగ్గుతుంది.

కాబట్టి రెండో డిమాండు ఇది. చీనీ, నిమ్మ, మామిడి చెట్లకు చెట్టు లెక్కన బీమా, కొబ్బరి పద్ధతిలో ప్రీమియం పంపకం, నర్సరీ జబ్బుతో చెట్టు పాడైందని తేలితే నర్సరీ నుంచి పరిహారం రాబట్టే బాధ్యత ఉద్యాన శాఖది. బిల్లు మీద వేరుమూలం, మొగ్గ ఎక్కడిది అన్నవి రాయని నర్సరీకి రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. వీటితో వినతిపత్రాలు ప్రతి మండల కమిటీ నుంచీ ఉద్యాన అధికారికి, జిల్లా కలెక్టరుకూ వెళ్లాలి.

వినతిపత్రం వెంట ఊరికే సంతకాలు పెడితే చాలదు, లెక్కలు కావాలి. గ్రామ కమిటీలు తోట తోటకూ తిరిగి ఈ వివరాలు రాసి తేవాలి. తోట ఎప్పుడు వేశారు, మొక్కలు ఎక్కడ కొన్నారు, బిల్లు ఉందా, వేరుమూలం జంబేరా రంగపూరా, మొత్తం చెట్లెన్ని, పగిలినవెన్ని. పగులు అంటు చోటుకు పైనా, కిందా అన్నది తప్పకుండా వేరు వేరు గడుల్లో రాయండి. పైన ఉన్నవి చాలావరకు నీటి లెక్కలోకి వస్తాయి, కింద ఉన్నవి నర్సరీ లెక్కలోకి. చెట్టు పీకేయాలని నిర్ణయించుకున్న రైతులు పీకే ముందే మొదలు తవ్వి, అంటు చోటు కనిపించేలా ఒక కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. అంటు చోటుకు కింది బెరడు ముక్క ఒకటి తడి గుడ్డలో చుట్టి, తోట పేరు రాసి, మండల కమిటీ వారికి అందించండి. పరీక్షకు పంపే పని సంఘం చూసుకుంటుంది.